చెరువు గట్టున ఏడాది పొడవునా: ఇంటికి దగ్గర్లోనే వన్యప్రాణుల ఫొటోలు తీయడానికి సమగ్ర మార్గదర్శి

వన్యప్రాణుల ఫొటోగ్రఫీ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి పెద్దపులి, సఫారీ జీపు, మోయలేనంత లెన్సు. జీపులో కూర్చున్నవారికి పులి కనిపించినా అది ఎటు నడుస్తుందో, ఎండ ఎటువైపు నుంచి పడుతుందో వారి చేతిలో ఉండదు. డ్రైవరు ఆపిన చోట, పక్క జీపు అడ్డురాని రెండు క్షణాల్లో దొరికిందే దక్కుదల. ఇంటికి అరగంట దూరంలో ఉన్న చెరువు దగ్గర ఈ బాధ లేదు. ఎప్పుడు వెళ్లాలో, ఏ గట్టున కూర్చోవాలో మీరే నిర్ణయించుకోవచ్చు. ఇవాళ కుదరకపోతే వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లవచ్చు. అదే లకుముకి పిట్ట అదే తుమ్మకొమ్మ మీద కూర్చుంటుందని తెలిశాక ఫొటో సగం తీసినట్టే.

ఈ మార్గదర్శిలో ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కలవి. పద్ధతి మాత్రం చెరువు ఉన్న ఏ ఊరికైనా సరిపోతుంది, చెరువు లేని తెలుగు ఊరు అరుదు. కాలాల లెక్కకు నేను కార్తెలనే వాడతాను. వానకు, పురుగుకు, పంటకు కలిపి రైతులు కట్టుకున్న లెక్క అది. పక్షుల రాకపోకలకు కూడా జనవరి, ఫిబ్రవరి లెక్క కంటే అదే బాగా అతుకుతుంది.

మొదటి అడుగు: మూడు చోట్లు ఎంచుకోండి

మూడు చాలు. పది చోట్ల పేర్లు రాసుకుంటే ఏ ఒక్కదాన్నీ సరిగ్గా తెలుసుకోలేరు.

ఒకటి నడిచి వెళ్లగలిగేది. కాలనీ పార్కు, ఇళ్లు కట్టకుండా వదిలేసిన ఖాళీ స్థలం, ఆఖరికి మురుగు కాలువైనా సరే. ముక్కు చిట్లించకండి, సన్నటి ఎర్రటి కాళ్ల స్టిల్ట్ పక్షులకు మురుగునీటి గుంటలంటే మహా ఇష్టం.

రెండోది అరగంటలో చేరగలిగే చెరువు. హైదరాబాద్ పడమటి వైపు ఉండేవారికి అమీన్‌పూర్ చెరువు ఉంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో నగర ప్రాంతంలో ఉండి ఆ గుర్తింపు పొందిన మొదటి జలాశయం అదే. 1908 నాటి మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) అంచులు కూడా మంచివే. అయితే అవి పెద్ద జలాశయాలు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పక్షులు చుక్కల్లా కనిపిస్తాయి. కొత్తవారికి చిన్న చెరువే మేలు.

మూడోది సగం రోజు కేటాయించి వెళ్లేది: వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు, సంగారెడ్డి వైపు మంజీరా అభయారణ్యం లాంటివి. వేరే ఊళ్లవారికీ కొదవ లేదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు, కైకలూరు దగ్గర ఆటపాక, కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు, విశాఖలో కంబాలకొండ, శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం, సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు. వీటిలో ఒకటి మీ ఇంటికి గంట దూరంలో ఉందంటే మీరు అదృష్టవంతులు.

చోటు ఎంచుకున్నాక మొదటిసారి కెమెరా లేకుండా వెళ్లండి. ఇది చాలామందికి రుచించని సలహా. కెమెరా చేతిలో ఉంటే కళ్లు ఫొటో కోసమే వెతుకుతాయి. చిన్న నోటుపుస్తకం పట్టుకెళ్లి నాలుగు సంగతులు రాసుకోండి: తూర్పు గట్టు ఎక్కడ, అక్కడికి కాలిబాట ఉందా, పక్షులు ఏ కొమ్మల మీద మళ్లీ మళ్లీ వాలుతున్నాయి, జనం ఏ వేళకు వస్తున్నారు. చేపలు పట్టేవారు కనిపిస్తే పలకరించండి. "అన్నా, కొంగలు ఎక్కువగా ఎక్కడ దిగుతాయి?" అని అడిగితే, ఏ యాప్‌లోనూ దొరకని జవాబు వస్తుంది. వాళ్లు రోజూ ఆ నీటి మీదే ఉంటారు. తర్వాత తీసిన ఫొటో ఒకటి అచ్చువేయించి వాళ్లకు ఇవ్వండి. ఆ చెరువు మీద మీకు చుట్టరికం ఏర్పడుతుంది.

పక్షి పేరు తెలియకపోతే మెర్లిన్ యాప్ కూత విని కూడా చెబుతుంది. పక్షులు చూసేవారు తమ జాబితాలు నమోదు చేసే ఈబర్డ్‌లో మీ చెరువు పేరు వెతికితే అక్కడ ఏ నెలలో ఏ పక్షులు నమోదయ్యాయో కనిపిస్తుంది. బయలుదేరే ముందు రాత్రి ఒకసారి చూసుకుంటే చాలు, గట్టు మీద ఫోను తీయనక్కర్లేదు.

రెండో అడుగు: సామగ్రి

ఫోను ఒక్కటే ఉందా? పురుగులు, సాలెగూళ్లు, తొండలు, మంచులో చెరువు, ఇవన్నీ ఫోనుతోనే బాగా వస్తాయి. పక్షులకు మాత్రం కనీసం 300 మిల్లీమీటర్ల లెన్సు కావాలి. కొత్తది కొనాలనేమీ లేదు. వాడిన 70–300 లెన్సు, పాత డిజిటల్ కెమెరా కలిపి కొనుక్కున్నా మొదటి రెండేళ్లు హాయిగా గడిచిపోతాయి. లెన్సు మార్చే గొడవ లేని సూపర్ జూమ్ కెమెరా కూడా నడుస్తుంది, అయితే వెలుతురు తగ్గగానే దాని బలం తగ్గుతుంది.

డబ్బు కొంచెం మిగిలితే పెద్ద లెన్సు మీద పెట్టకుండా ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించే 8x42 బైనాక్యులర్ కొనండి. దూరాన ఏం జరుగుతోందో ముందే తెలిస్తే సరైన చోట కూర్చోవచ్చు.

ట్రైపాడ్ చెరువు గట్టున అడ్డమే. దళసరి గుడ్డతో దిండంత సంచి కుట్టించి, కిలోన్నర బియ్యం పోసి మూతి కుట్టేయండి. నేల మీద పడుకుని దాని మీద లెన్సు ఆనిస్తే చెయ్యి వణకదు, కారు కిటికీ అంచు మీదా పనికొస్తుంది. వానాకాలంలో బియ్యం తడిస్తే ముక్కిపోతాయి కాబట్టి అప్పుడు థర్మోకోల్ పూసలు నింపండి. ఇంకా కావలసినవి: మట్టిరంగు చొక్కా, చీలమండ దాటే బూట్లు, నీళ్లు, టోపీ. తెల్లచొక్కా వేసుకుని గట్టెక్కితే అవతలి ఒడ్డున ఉన్న బాతు కూడా మిమ్మల్ని గుర్తుపడుతుంది.

మూడో అడుగు: కెమెరాను ఇంట్లోనే సిద్ధం చేయండి

పక్షి ఎగిరాక మెనూలో వెతుక్కోవడం కంటే నిస్పృహ మరొకటి లేదు. బయలుదేరే ముందే కొన్ని బిగించుకోండి.

అపెర్చర్‌ను, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, లెన్సు ఇచ్చినంత తెరిచి పెట్టండి, లేదా దానికి ఒక్క మెట్టు కింద. చవక జూమ్ లెన్సులు ఆ రంధ్రాన్ని ఎఫ్8 అనే అంకె దాకా కొంచెం మూస్తే పదునుగా ఉంటాయి, ఎండ బాగా ఉంటే అదే వాడండి. షట్టర్ వేగం కదలని పక్షికి సెకనులో 500వ వంతు, నడిచేదానికి 1000వ వంతు, ఎగిరేదానికి 2000వ వంతు. వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్‌ఓను ఆటోలో వదిలేసి గరిష్ఠ పరిమితి 3200 అని పెట్టండి. చాలామంది ఐఎస్‌ఓ పెరిగితే ఫొటో గరుకుగా వస్తుందని భయపడి షట్టర్ వేగం తగ్గిస్తారు. గరుకుదనాన్ని తర్వాత కంప్యూటర్‌లో తగ్గించుకోవచ్చు. చెదిరిన పక్షిని ఎవరూ బాగుచేయలేరు.

ఫోకస్ నిరంతరం అనుసరించే పద్ధతిలో ఉండాలి. మీ కెమెరాకు పక్షుల కన్ను గుర్తించే సదుపాయం ఉంటే అదృష్టం, లేకపోతే మధ్యలోని ఒక్క చుక్కతో కంటి మీద ఫోకస్ చేయండి. కన్ను పదునుగా ఉంటే తోక మసకబారినా ఎవరూ పట్టించుకోరు.

ఇక ఎక్స్‌పోజర్ సవరణ, అంటే కెమెరా లెక్కగట్టిన వెలుగును మనం పెంచడం, తగ్గించడం. మన చెరువుల దగ్గర దీని అవసరం అడుగడుగునా పడుతుంది. నల్లటి నీళ్ల ముందు తెల్లకొంగ నిలబడితే, కెమెరా నీటి చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది. కొంగ ఈకల గీతలన్నీ తెల్లటి ముద్ద అవుతాయి. అప్పుడు సవరణను –0.7 నుంచి –1 దాకా దించండి. వెలుతురున్న ఆకాశంలో గద్ద ఎగురుతుంటే దీనికి తలకిందులు: +1 దాకా పెంచకపోతే నల్లటి నీడ బొమ్మే మిగులుతుంది. ఈ సవరణకు తిప్పే చక్రం ఎక్కడుందో కన్ను తీయకుండా వేలికి తెలిసేదాకా ఇంట్లో డాబా మీద పావురాలతో సాధన చేయండి. కెమెరా పట్టిన సమాచారమంతా కుదించకుండా దాచే రా ఫార్మాట్‌లో తీస్తే తర్వాత దిద్దుకునే వీలు పెరుగుతుంది.

నాలుగో అడుగు: ఎండ, గాలి, ఓపిక

పొద్దున సూర్యుడు తూర్పున ఉంటాడు. మీరు తూర్పు గట్టున, పడమటి వైపు చూస్తూ కూర్చుంటే వెలుగు మీ వీపు మీదుగా పక్షి ముఖం మీద పడుతుంది. సాయంత్రం పడమటి గట్టు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. గాలి సంగతి చాలామందికి పట్టదు.

పక్షులు ఎగిరేటప్పుడూ వాలేటప్పుడూ సాధారణంగా గాలికి ఎదురు తిరుగుతాయి. అంటే గాలి మీ వెనక నుంచి వీస్తుంటే అవి మీ వైపు ముఖం పెట్టి లేస్తాయి, మీ వైపు ముఖం పెట్టే దిగుతాయి. ఎదురుగాలిలో కూర్చుంటే మీకు దక్కేవి తోకలే. చలికాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. కాబట్టి డిసెంబరు ఉదయం తూర్పు గట్టున ఎండా గాలీ రెండూ మీ వెనకే ఉంటాయి. నైరుతి వానల కాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది, అప్పుడు సాయంత్రం పడమటి గట్టున అదే సౌకర్యం దొరుకుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రాలు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయాలు అని స్థూలంగా గుర్తుపెట్టుకున్నా సరిపోతుంది.

పక్షి వైపు నేరుగా నడవకండి. నేరుగా వచ్చేది వేటాడే జంతువని వాటి లెక్క. పక్కకు నడుస్తున్నట్టు, మరెటో చూస్తున్నట్టు కొద్దికొద్దిగా దగ్గరవ్వండి. పక్షి మేత ఆపి తల ఎత్తిందంటే మీరు ఆగాలి. ఒళ్లు బిగించి ముందుకు వంగిందంటే, రెట్ట వేసిందంటే మరుక్షణం ఎగరబోతోంది. ఎగిరే ఫొటో కావాలనుకునేవారికి అది సూచన కూడా. అయితే ఎగరగొట్టడం కోసం చప్పట్లు కొట్టేవారిని గట్టు దించి పంపేయాలి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షికి ఆ ఉదయం తినే తిండి మన ఆల్బమ్ కంటే ముఖ్యం.

అన్నిటికంటే తేలికైన పద్ధతి ముందే వెళ్లి కూర్చోవడం. వెలుగు రాకముందే గట్టు వాలులో తుమ్మపొద పక్కన కూర్చుని కదలకుండా ఉంటే అరగంటలో పక్షులు మీ సంగతి మరిచిపోతాయి. కెమెరాను నీటి మట్టానికి వీలైనంత దగ్గరగా దించండి. నిలబడి తీస్తే బాతు వెనక బురద కనిపిస్తుంది. పడుకుని తీస్తే అదే బాతు వెనక దూరాన ఉన్న ఒడ్డు మసకగా కరిగిపోయి బొమ్మ నిలుస్తుంది.

తొలకరి: మృగశిర, ఆరుద్ర

మన ఏడాది జూన్‌తో మొదలు పెడదాం. మృగశిర కార్తె 7, 8 తేదీల్లో వస్తుంది, ఆరుద్ర 21, 22 తేదీల్లో. మొదటి గట్టి వాన పడిన మర్నాడు ఉదయం ఎర్రనేలల్లో ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. ఏడాదిలో ఎక్కువ కాలం భూమి లోపలే గడిపే ఈ మఖమలు జీవులు పైన కనిపించేది కొద్దిరోజులే. చెరువు పక్క బీడులో, పొలం గట్ల మీద నెమ్మదిగా నడుస్తూ వెతకండి. ఫోనును తలకిందులుగా తిప్పి లెన్సు నేలకు ఆనేటట్టు పెడితే పురుగు ఏనుగంత కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ –0.7కు తగ్గించండి, లేకపోతే ఆ ఎరుపులో నూగు కనిపించకుండా రంగు ముద్ద కడుతుంది. చేతిలోకి తీసుకుని అగ్గిపెట్టెలో పెట్టే చిన్ననాటి అలవాటు మాత్రం వద్దు.

అదే వానకు గుంటల్లో బావురుకప్పలు తేలతాయి. మగవి నిమ్మపండు పసుపులోకి మారి, గొంతుకు రెండు వైపులా నీలి బుడగలు ఉబ్బించి అరుస్తాయి. ఈ రంగు కొన్ని రోజులే ఉంటుంది. పడుకుని తీయండి, నీళ్లలోకి దిగకండి. షట్టర్ 500వ వంతు సరిపోతుంది.

జూలై, ఆగస్టు నెలలు గిజిగాళ్లవి. ఫొటో కథ ఎలా అల్లాలో నేర్పడానికి వీటిని మించిన గురువు లేదు. మగపక్షి గడ్డి, వరి ఆకుల పీలికలు తెచ్చి గూడును సగం అల్లుతుంది. ఆ దశలో గూడు బోర్లించిన టోపీలా ఉంటుంది. ఆడపక్షి వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితేనే మగపక్షి కింది గొట్టం అల్లి పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతూ ఉంటుంది. వారానికోసారి అదే చెట్టు దగ్గరికి వెళ్తే ముడి వేయడం, పరీక్ష, తిరస్కారం, పిల్లలకు మేత అన్నీ దొరుకుతాయి. ఈత, తుమ్మ చెట్లు నీటి మీదికి వంగిన చోట వెతకండి. చెట్టుకు దూరంగా ఉండి, గూడు ముఖద్వారం దగ్గర ఫోకస్ కుదుర్చుకుని కూర్చోండి. పక్షి దానంతట అదే అక్కడికే వస్తుంది.

తామరాకులున్న చెరువైతే ఆ ఆకుల మీద నడిచే జకానా పక్షులను మరవకండి. పొడవాటి తోక ఉన్న రకం ఈ నెలల్లోనే ఆ తోకతో కనిపిస్తుంది. గుడ్లు పొదిగేది మగదే, పిల్లలను వెంటేసుకుని ఆకుల మీద తిరిగేదీ మగదే.

ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా తేమగాలిలోకి తీస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. సంచి మూసే ఉంచి అరగంట తర్వాత తీయండి. ఇంటికి రాగానే తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి. లెన్సు లోపల ఒకసారి బూజు పట్టిందంటే వదిలించడం కష్టం.

తంగేడు పూసే రోజులు

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పెద్ద జంతువుల కోసం తిరగకండి. ఇది చిన్నప్రాణుల కాలం. బతుకమ్మకు తంగేడు కోసే బీడుల్లోనే పసుపు, తెలుపు సీతాకోకచిలుకలు గుంపులు కడతాయి. జిల్లేడు ఆకుల కింద చారల గొంగళిపురుగులు ఉంటాయి. పెరట్లో కరివేపాకు మొక్క ఉంటే బయటికే వెళ్లనక్కర్లేదు, ఆకుల మీద రెట్టలా కనిపించేది చాలాసార్లు గొంగళిపురుగే. ఉదయం ఏడింటికి ముందు చల్లదనానికి రెక్కలు బిగుసుకుని తూనీగలు, సీతాకోకచిలుకలు కదలవు. అప్పుడే దగ్గరికి వెళ్లవచ్చు. రెక్కల తలానికి కెమెరాను సమాంతరంగా పట్టుకుంటే రెక్క మొత్తం పదునుగా వస్తుంది.

దసరాకు పాలపిట్టను చూడాలని ఆచారం. పట్టణాల్లో పంజరంలో పెట్టి చూపించి డబ్బులు అడిగేవారు ఉంటారు, పట్టడమూ పంజరంలో ఉంచడమూ చట్టవిరుద్ధం. ఊరు దాటగానే పొలాల పక్క కరెంటు తీగల మీద పాలపిట్ట స్వేచ్ఛగా కూర్చుని ఉంటుంది. కారు ఆపి లోపలే ఉండి కిటికీలోంచి తీయండి. తలుపు తెరిచారంటే ఎగిరిపోతుంది. తీగ మీది ఫొటోలో అందం తక్కువ, కాబట్టి అది పురుగు కోసం కిందికి దూకే క్షణం కోసం వేచి ఉండండి. రెక్కల నీలం అప్పుడే విచ్చుకుంటుంది.

చలికాలం: వలస అతిథులు

ఏడాదిలో నేను మరే పనీ పెట్టుకోని నెలలు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. సెప్టెంబరులోనే తోక ఊపుతూ నడిచే వాగ్‌టెయిల్ పక్షులు, చిన్న ఉల్లంకులు దిగుతాయి. తర్వాత బాతులు: సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, గార్గనీలు. నవంబరు దాటాక మంజీరా వైపు తల మీద రెండు నల్లచారలున్న బార్‌హెడెడ్ బాతులు కనిపించే అవకాశం ఉంది. మధ్య ఆసియా పీఠభూముల సరస్సుల నుంచి హిమాలయాలు దాటి వచ్చేవి ఇవే. పగలు నీటి అంచున సేదతీరి, చీకటి వేళల్లో పొలాల్లో మేస్తాయి. వాటి రాకపోకలు చూడాలంటే పొద్దు పొడవక ముందో, పొద్దు గుంకే వేళో ఉండాలి.

కొత్తవారు నవంబరులోనే పరుగెత్తుతారు. వానలు బాగా పడిన ఏడు చెరువులు నిండుగా ఉంటాయి, బాతులు నడిమధ్యన తేలుతుంటాయి, మీ 300 లెన్సుకు అందవు. జనవరి చివరికి నీరు తగ్గి బురద అంచులు బయటపడతాయి. అప్పుడు ఉల్లంకులు, స్టిల్ట్‌లు, ఎర్రకాళ్ల కొంగలు అంచులకు చేరతాయి. నీరు తగ్గే కొద్దీ పక్షులు దగ్గరవుతాయి. పెద్ద చెరువు నిండుగా ఉంటే దాని పక్కనున్న చిన్న కుంటలు చూడండి, లోతు తక్కువ కాబట్టి నడిచి మేసే పక్షులు అక్కడే ఉంటాయి.

డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్‌లో సూర్యుడు ఉదయించేది సుమారు 6:40, 6:45కు. 6:15కల్లా చోట్లో కూర్చోవాలి. నీటి మీద మంచు ఉంటే ముందు చెప్పిన సూత్రాన్ని పక్కనపెట్టి పడమటి గట్టున ఎండకు ఎదురుగా కూర్చోండి. మంచు బంగారు రంగులోకి మారి కొంగల అంచులు మెరుస్తాయి. ఇది పది, పదిహేను నిమిషాల వ్యవహారం. ఆ తర్వాత మళ్లీ తూర్పు గట్టుకు రండి.

వేల రెక్కలు ఒకేసారి లేచే ఫొటో అందరికీ కావాలి. దానికి మీరేమీ చేయనక్కర్లేదు. చలికాలంలో మార్ష్ హారియర్ అనే గద్ద రెల్లు మీద తక్కువ ఎత్తులో గస్తీ తిరుగుతుంది. అది వచ్చిన వైపు బాతులన్నీ లేస్తాయి. గద్దను బైనాక్యులర్‌తో కనిపెడుతూ ఉంటే, బాతులు లేవబోయే చోటు మీకు అర నిమిషం ముందే తెలుస్తుంది.

యాసంగి నాట్లకు ముందు దమ్ము చేసే మళ్లు కూడా ఈ కాలంలో గొప్ప స్థలాలే. ట్రాక్టరు వెనక తెల్లకొంగలు, గోరింకలు, పసులపోలిగాళ్లు పురుగుల కోసం ఎగబడతాయి. రైతును అడిగి గట్టు మీద కూర్చోండి. ఇక్కడ షట్టర్ వేగం 60వ వంతుకు దించి, ట్రాక్టరుతో పాటు కెమెరా తిప్పుతూ తీసి చూడండి. చాలావరకు చెడిపోతాయి, బాగా వచ్చిన ఒక్కదానిలో రెక్కలు గీతలుగా సాగి, బురద చిమ్మి, ఒక కొంగ కన్ను మాత్రం నిలిచి ఉంటుంది.

ఎండాకాలం: మోదుగ నుంచి రోహిణి దాకా

ఫిబ్రవరి చివర ఆకులు రాలిన మోదుగ, బూరుగ చెట్లు ఎర్రగా పూస్తాయి. పూసిన ఒక్క చెట్టు కింద పొద్దున రెండు గంటలు కూర్చుంటే తేనెపిట్టలు, గోరింకలు, పసులపోలిగాళ్లు, వలస వెళ్లబోయే గులాబీ రంగు స్టార్లింగ్ గుంపులు అన్నీ అక్కడికే వస్తాయి. మగ ఊదా తేనెపిట్ట ఈ నెలల్లోనే పూర్తిగా మెరిసే నీలినలుపులో ఉంటుంది. మీ కంటి ఎత్తుకు సమానంగా ఉన్న పూలగుత్తిని ఎంచుకోండి. కొమ్మ కిందనుంచి ఆకాశం వైపు తీసిన ఫొటోలు ఎండలో వెలిసిపోతాయి.

ఏప్రిల్, మే నెలల్లో పాలపిట్టలు గాలిలో పల్టీలు కొడతాయి, గుడ్డికొంగ వీపు గోధుమవన్నె పోయి ముదురు ఎరుపులోకి వస్తుంది, నెమళ్లు పురివిప్పుతాయి. సెప్టెంబరుకు నెమలి పింఛం రాలిపోతుంది కాబట్టి పురివిప్పిన ఫొటో కావాలంటే ఆలోపే తీయాలి. హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కులో నడకకు వెళ్లేవారు ఈ నెలల్లో కెమెరా తీసుకెళ్లే విషయం ముందుగా ద్వారం దగ్గర అడగండి.

మేలో 5:40కే తెల్లవారుతుంది. తొమ్మిది దాటితే నేల వేడికి గాలి అలలు అలలుగా కదిలి, ఎంత ఖరీదైన లెన్సైనా దూరపు పక్షి మసకగానే వస్తుంది. లోపం కెమెరాదని సర్వీసు సెంటరుకు పరుగెత్తకండి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బయటికి వెళ్లడం కంటే ఇంటి దగ్గరే ఏర్పాటు చేసుకోవడం తెలివైన పని. డాబా మీదో పెరట్లోనో నీడలో వెడల్పాటి మట్టి మూకుడు పెట్టి నీళ్లు పోయండి. దాని పక్కన ఎండుకొమ్మ ఒకటి నిలబెట్టండి, పక్షి ముందు కొమ్మ మీద వాలి తర్వాత నీళ్ల దగ్గరికి దిగుతుంది. కొమ్మ వెనక పది, పదిహేను అడుగుల దాకా గోడ లేకుండా చూసుకుంటే నేపథ్యం మెత్తగా వస్తుంది. కర్టెను చాటున గదిలో కూర్చుని తీయవచ్చు. పిగిలిపిట్టలు, ఉడుతలు, గోరింకలు వారంలో అలవాటు పడతాయి. నీళ్లు రోజూ మార్చండి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

తీతువు పిట్ట ఈ కాలంలో బోసి నేల మీద, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. మీ తల మీద తిరుగుతూ అరుస్తోందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయని అర్థం. వెతకకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. మండుటెండలో అది పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. దాన్ని ఎక్కువసేపు దూరంగా ఉంచితే గుడ్లు ఉడికిపోతాయి.

చట్టం, జాగ్రత్త

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం "వేట"కు ఇచ్చిన నిర్వచనంలో పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా ఉంది. ఫొటో కోసం గూటి చుట్టూ కొమ్మలు విరిచేవారు ఇది తెలుసుకోవాలి. అభయారణ్యాల్లోకి అనుమతితోనే వెళ్లండి. డ్రోను మీ చెరువు మీదా వద్దు, దాన్ని గద్ద అనుకుని పక్షులు గూళ్లు వదిలి లేస్తాయి. రికార్డు చేసిన కూతలు వినిపించి పిలవడం, గూడు కట్టే కాలంలో మరీ పాపం.

వానాకాలం గట్ల మీద నాగుపాము, రక్తపింజర ఉంటాయి. పడుకునే ముందు కర్రతో గడ్డి కదపండి. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం చేయకుండా కదలిక తగ్గించి 108కి ఫోను చేయండి. మంజీరా నీటి అంచున బియ్యం సంచి వేసుకుని పడుకోవాలని అనుకోకండి, అక్కడ మొసళ్లు ఉన్నాయి. ఒంటరిగా వెళ్తే ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

ఇంటికి వచ్చాక

అదే రోజు ఫొటోలు చూసి పదింట తొమ్మిది వంతులు తీసేయండి. రేపటికి వాయిదా వేస్తే హార్డ్ డిస్క్ నిండుతుంది గాని ఫొటోలు పెరగవు. ఫోల్డర్లకు చోటు పేరు, కార్తె పేరు, తేదీ పెట్టుకోండి. వచ్చే ఏడు అదే కార్తెకు బయలుదేరే ముందు ఆ ఫోల్డరు తెరిస్తే ఏం దొరకవచ్చో, ఎక్కడ కూర్చోవాలో తెలిసిపోతుంది. చూసిన పక్షుల జాబితాను ఈబర్డ్‌లో నమోదు చేస్తే ఆ చెరువు గురించి తర్వాత వెతికేవారికి పనికొస్తుంది, చెరువు కబ్జాకు గురైనప్పుడు ఇక్కడ పక్షులు ఉండేవని చూపించడానికీ పనికొస్తుంది.

గూళ్లు, గుడ్లగూబల తొర్రలు ఉన్న ఫొటోలు పంచుకునేటప్పుడు ఊరి పేరు వరకే చెప్పండి. ఫోనుతో తీసిన ఫొటోలో లొకేషన్ దాగి ఉంటుంది. వాట్సాప్‌లో దాన్ని డాక్యుమెంటుగా పంపితే ఆ సమాచారం కూడా అవతలివారికి చేరుతుంది. కాబట్టి అలాంటి చోటికి వెళ్లే ముందే కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి.